పదో రాయి

మా పిన్ని కూతురు జెమేలి పరుగు మానేసిన రోజున ఏడవలేదు. పరుగు క్యాంపు వంటింటి గుమ్మంలో కూర్చుని, మోకాలి కింద ఎముకను రెండు చేతులతో పట్టుకుని, "చాలమ్మా, ఇంక నిన్ను బాధపెట్టను," అని కాలికే చెప్పింది. ఆ ఉదయం ఆమె పదో రాయి దాటేసరికి నా చేతిలో గడియారం ముప్పై నాలుగు నిమిషాల ఇరవై రెండు సెకన్లు చూపించింది. అంతకు ముందు నెల ముప్పై నాలుగు ఇరవై. ఆ ముందు నెల ముప్పై నాలుగు ఇరవై నాలుగు. ఆమె ఇన్నేళ్ళలో పరుగెత్తిన వాటిలో మేలైనది ముప్పై నాలుగు పంతొమ్మిది. కావలసింది ముప్పై నాలుగు లోపు.

పంతొమ్మిది సెకన్లు ఏపాటివని బయటివాళ్ళకు అనిపించవచ్చు. మా ఊళ్ళో అలా అనేవాళ్ళు లేరు. కెరియో లోయ అంచున, ఇటెన్‌కు ఇవతల ఉండే మా ఊళ్ళో చాయ్ మరిగేలోపు ఎవరు ఎంత దూరం వెళ్ళి రాగలరో ముసలివాళ్ళు కూడా చెబుతారు. ఆ పంతొమ్మిది సెకన్ల కోసం జెమేలి పెళ్ళయి మూడేళ్ళయినా బిడ్డను కనకుండా ఆగింది. అత్తగారు ప్రతి ఆదివారం చర్చి నుంచి వస్తూ, ఈ ఇంట్లో ఊయల కట్టాలంటే ముందు గడియారాన్ని అడగాలి కాబోలు అని అందరికీ వినపడేలా అనేది.

ఆ ముప్పై నాలుగు పెట్టింది మా క్యాంపు కోచ్ కిమోసోప్ కాదు. ఇటలీ నుంచి వచ్చే మేనేజరు ఒకాయన పదహారేళ్ళ కిందట ఆయనతో ఒక మాట అన్నాడట. గాలి పలచగా ఉండే మీ ఎత్తు మీద పది కిలోమీటర్లు ముప్పై నాలుగు నిమిషాల లోపు పరుగెత్తే ఆడపిల్ల ఎవరైనా ఉంటే డిసెంబరులో ఎల్డొరెట్ పందేనికి పంపు, అందులో బాగున్నవాళ్ళను నేను ఐరోపా పందేలకు తీసుకెళతాను అని. ఆ పందెంలో పరుగెత్తాలంటే కోచ్ చేతిరాతతో చీటీ ఉండాలి. కోచ్ మాట అంటే మాటే. ముప్పై నాలుగు దాటితే సొంత మేనకోడలికి కూడా ఇవ్వలేదు. చీటీ సంపాదించనిదే ఊరి పందేల్లో కూడా పరుగెత్తనిచ్చేవాడు కాదు. అవి ఈ చర్చి నుంచి ఆ చర్చికి అన్నట్టు కొలత లేని పందేలు, వాటిలో గెలిస్తే పొగరొస్తుంది తప్ప ఏమీ తెలియదని ఆయన నమ్మకం.

కొలత ఉన్నది ఆయన రాళ్ళకే. కిమోసోప్ ప్రాథమిక పాఠశాలలో లెక్కల మాస్టరుగా చేసినవాడు. పిండిమిల్లు దగ్గర మొదలై అడవి అంచు వెంట చర్చి గేటు దాకా పోయే ఎర్రమట్టి రోడ్డు మీద సైకిలు చక్రం తిప్పి కొలిచి, కిలోమీటరుకు ఒకటి చొప్పున పది రాళ్ళు పాతి సున్నం కొట్టాడు. లెక్కల మాస్టరు కొలిచిన దారిని మళ్ళీ కొలవాలని ఎవరికీ తోచలేదు. తోచాల్సిన అవసరమూ రాలేదు. ముప్పై నాలుగు లోపు వచ్చి చీటీ అందుకున్న పిల్లలు ఎల్డొరెట్‌లో ఇంకా నిమిషన్నర తక్కువలో పరుగెత్తేవారు. కిమోసోప్ పిల్లలకు కిందికి దిగితే రెక్కలొస్తాయని చుట్టుపక్కల పేరు పడిపోయింది.

జెమేలి ఇరవయ్యో ఏట ఆ గుంపులో చేరింది. అప్పటికి ఆమెకు ఉన్నది లావు మడమలూ మొండితనమూ. మొదటి ఏడు ముప్పై ఆరు. రెండో ఏడు ముప్పై ఐదు నలభై. మంగళవారం నిమిషం వేగంగా, నిమిషం మెల్లగా, అలా పాతికసార్లు. గురువారం ఎనిమిది రాళ్ళు, రాయికి మూడున్నర నిమిషాలు తప్పకుండా. శనివారం పొద్దున్న లోయ అంచు మీదుగా పాతిక కిలోమీటర్లు. మిగతా రోజులు నడకకు కాస్త ఎక్కువగా కబుర్లు చెప్పుకుంటూ. చీకటి విడవని వేళల్లో ఆమె భర్త యెగో తన మోటారుసైకిల్ టాక్సీ దీపం వేసి వెనకే వచ్చేవాడు. నేను యూనివర్సిటీ సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడల్లా పదో రాయి దగ్గర గడియారం పట్టుకుని నిలబడేదాన్ని. సాహిత్యం చదివే పిల్ల ఇంకేం పనికొస్తుంది అని కోచ్ ఇచ్చిన ఉద్యోగం అది.

మూడో ఏడు ముప్పై నాలుగు యాభై రెండు. నాలుగో ఏడు ముప్పై నాలుగు ముప్పై ఒకటి. ఐదో ఏడు ముప్పై నాలుగు పంతొమ్మిది. అక్కడ ఆగిపోయింది.

ఆగేచోటు అందరికీ తెలుసు. తొమ్మిదో రాయి దాటాక దారి బంగాళాదుంపల గోదాము ముందు నుంచి చర్చి వైపుకు నిటారుగా ఎక్కుతుంది. గోదాము దాకా జెమేలి భుజాలు వదులుగా, మొహం ప్రశాంతంగా ఉండేవి. ఆ ఎక్కుడు మొదలయ్యాక మెడ బిగిసేది, చేతులు పక్కలకు కొట్టుకునేవి. కోచ్ గేటు దగ్గర నిలబడి అరిచేవాడు. "గోదాము దాకా జింకవి. ఇక్కడికొచ్చేసరికి కడుపుతో ఉన్న ఆవువి. కాళ్ళున్నాయి నీకు, గుండె లేదు."  ఆ తిట్టు మొదట పడిన వారం నుంచి సాధన అయిపోయాక అందరూ చాయ్‌కి వెళితే ఆమె ఒక్కతే ఆ ఎక్కుడు పదిసార్లు పరుగెత్తేది. ఎముకలో సన్నటి చీలిక వచ్చింది అలాగే. మానింది. మళ్ళీ పరుగెత్తింది. మళ్ళీ వచ్చింది.

మానేశాక క్యాంపులో వంటకు కుదిరింది. ముప్పై మందికి మొక్కజొన్న పిండితో ఉగాలి ముద్ద కలపడానికి బలమైన చేతులు కావాలి, జెమేలికి అవి ఉన్నాయి. పిల్లలు పరుగు నుంచి వచ్చి సెకన్ల గురించి పోట్లాడుకుంటుంటే వింటూ ఆకుకూర తరిగేది. ఒకసారి అడిగాను, బాధగా లేదా అని. "చేతకాలేదు. చేతకాని పని మానుకుంటే బాధేముంది?" అంది. ఆ మాటలో కోపం లేదు. నిజంగానే అలా అనుకుంది.

ఎనిమిది నెలల తర్వాత జెరోటిచ్ ఐరోపా నుంచి తిరిగి వచ్చింది. మూడేళ్ళ కిందట ముప్పై మూడు యాభై ఒకటితో చీటీ అందుకున్న పిల్ల. వస్తూ వస్తూ మణికట్టుకు ఒక గడియారం పెట్టుకొచ్చింది. ఆకాశంలో ఉపగ్రహాలతో మాట్లాడి ఎంత దూరం పరుగెత్తామో చెప్పే రకం. అప్పటికి మా గుంపులో అలాంటిది ఎవరి దగ్గరా లేదు. గురువారం పొద్దున్న ఎనిమిదో రాయి దగ్గర ఆగకుండా దానితో పదో రాయి దాకా పరుగెత్తింది. మొదటి రాయి ఇంకా ముందు కనపడుతుండగానే గడియారం కిలోమీటరయిందని కూసింది. రెండోసారి ఇంకా ముందే కూసింది. చర్చి గేటు దగ్గరికి వచ్చేసరికి పది కిలోమీటర్ల నాలుగు వందల నలభై మీటర్లని చూపించింది.

అందరూ నవ్వారు. కోచ్ అందరికన్నా ఎక్కువ నవ్వాడు. "కొత్తగా వచ్చింది కదే పాపం, దానికింకా మన ఎత్తు అలవాటు కాలేదు. రెండు వారాలు చాయ్ తాగించి పడుకోబెట్టు, సరిగ్గా చెబుతుంది," అన్నాడు. శనివారం మళ్ళీ పదో రాయి దాకా పరుగెత్తితే అదే చూపించింది. మంగళవారం అదే. రెండో గురువారం జెరోటిచ్ మణికట్టు ఎత్తి చూపినప్పుడు కోచ్ నవ్వలేదు.

ఆ రోజుల్లో ఇటెన్ రోడ్డు వెడల్పు చేస్తున్నారు. సర్వేయరు ఒకాయన కొలిచే చక్రం తోసుకుంటూ తిరిగేవాడు. కోచ్ వెళ్ళి ఒక పూట అడిగి తీసుకొచ్చాడు. పిండిమిల్లు దగ్గర మొదలుపెట్టారు. సర్వేయరు చక్రం తోస్తుంటే కోచ్ టోపీ చేతిలో పట్టుకుని దారి పొడుగునా పక్కనే నడిచాడు. గుంపంతా వెనక. మొదట జోకులు వేసుకున్నారు. నాలుగో రాయి దాటాక అందరి కళ్ళూ చక్రం మీదే. కిలోమీటరుకొక సుద్దగీత గీస్తూ వచ్చిన సర్వేయరు, చక్రం మీద అంకె పదివేలు తిరగగానే ఆగి రోడ్డు మీద ఆఖరి గీత గీశాడు.

బంగాళాదుంపల గోదాము తలుపు ముందు.

కోచ్ ఆ గీతను చూశాడు. తలెత్తి చర్చి వైపు చూశాడు. మధ్యలో ఆ ఎక్కుడంతా ఉంది. నాలుగు వందల యాభై మీటర్లు. సర్వేయరుకు ఏమీ తెలియదు కాబట్టి, ఇంకా తొయ్యాలా అని అడిగాడు.   ఆ గేటు దగ్గర ఐదేళ్ళుగా ప్రతి సెలవుల్లో గడియారం నొక్కింది నేనే.

కోచ్ ఇంటికి పోలేదు. తిన్నగా బడి మైదానానికి వెళ్ళాడు, ఆ పాత సైకిలు తెప్పించుకున్నాడు. చక్రం పుల్లకు గుడ్డపీలిక కట్టి, పరుగుబాట లోపలి గీత వెంట తోస్తూ లెక్కపెట్టాడు. ఆ గీత బడివాళ్ళు టేపుతో వేసిన సరైన నాలుగు వందల మీటర్లు. చక్రం నూట ఎనభై రెండు చుట్లు తిరిగింది. రాళ్ళు పాతే ముందు ఇక్కడే తోసి చూసి, నాలుగు వందల మీటర్లకు ఇన్ని చుట్లని ఆయన ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్న అంకె నూట తొంభై. గడ్డిలోకి జరిగి, గీతకు మూడు మీటర్లు ఎడంగా మళ్ళీ తోశాడు. నూట తొంభై.

"అది ఏప్రిల్ నెల, వానలు," అన్నాడు, ఎవరినీ ఉద్దేశించి కాదు. "లోపలి గీత నీళ్ళలో ఉంది. బురదలో చక్రం జారితే లెక్క తప్పుతుందని గడ్డి మీద తోశాను. లెక్క తప్పకూడదనే."

మైదానం ఒక చుట్టుకు పద్దెనిమిది మీటర్లు ఎక్కువ. అంతే. వానాకాలంలో మైదానంలో తిరిగేవాళ్ళెవరైనా లోపలి గీత వదిలి గడ్డి మీదే నడుస్తారు. ఆయనా అదే చేశాడు. ఆ పద్దెనిమిదే కిలోమీటరుకు నలభై ఐదు అయి, పదో రాయిని గోదాము ముందు నుంచి లేపి చర్చి గేటు దగ్గర పాతింది. రాయికి మూడున్నర నిమిషాలు అని ఆయన అరిచిన గురువారాలన్నీ నిజానికి కిలోమీటరుకు అంతకన్నా తొమ్మిది సెకన్లు వేగంగా సాగాయి. తట్టుకున్నవాళ్ళు ఎగిరిపోయారు. తట్టుకోనివాళ్ళ ఎముకలు చీలాయి.

రావలసిన చీటీ అందనివాళ్ళు పదకొండు మంది అని ఆయన పుస్తకం చూడకుండానే చెప్పాడు, ఒక్కొక్క పేరూ ఒక్కొక్క అంకెతో సహా. ఆ మధ్యాహ్నమే ఇంటింటికీ బయలుదేరాడు. ఆయన్ను ఒక్కణ్ణే పంపడం ఇష్టం లేక నేను కూడా వెళ్ళాను. మొదటి ఇల్లు టప్కిగెన్‌ది. ఇప్పుడామెకు ముగ్గురు పిల్లలు. గుమ్మంలో నిలబడే మొత్తం విని, కాసేపు ఆయన బూట్లవైపు చూసింది. "ఇది నాకు చెప్పకుండా ఉండాల్సింది మాస్టారూ. చేతకాలేదనుకుని నిన్నటిదాకా హాయిగా ఉన్నాను," అని తలుపు వేసుకుంది. తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవాడే.  మలుపు దగ్గర, జెమేలికి ఇప్పుడే చెబుతాను, రేపటికి నాకు ధైర్యం ఉండదు అన్నాడు.

మేం వెళ్ళేసరికి జెమేలి పెద్ద కుండలో ఉగాలి కలుపుతోంది. కోచ్ తడబడకుండా చెప్పాడు, పాఠం చెప్పినట్టే. వాన, గడ్డి, నూట తొంభై, గోదాము. ఆమె తెడ్డు తిప్పడం ఆపలేదు. మధ్యలో ఆపితే ఉగాలి ఉండలు కడుతుంది. మొత్తం అయ్యాక కుండ దింపి, పళ్ళెంలోకి తిరగేసి, చేతులు తుడుచుకుని నావైపు చూసింది.

"మరి నాది ఎంత?"

మూడుసార్లు లెక్క వేశాను.  "ముప్పై రెండు యాభై."

"ఆ పంతొమ్మిది వచ్చిన రోజుదా?"

"ఆ రోజుదే అక్కా."

"మరి చర్చి ఎక్కుడు?"

"అది పందెంలో లేదు. గోదాము దగ్గరే పది అయిపోయింది."

కట్టెల మోపు మీద కూర్చుంది. పొయ్యి దగ్గర పిల్లి అటూ ఇటూ తిరిగి ఆమె ఒళ్ళో ఎక్కింది, ఆమెకు తెలియలేదు. ఆమె కోచ్ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"నన్ను కడుపుతో ఉన్న ఆవు అన్నావు."

"అన్నాను."

"ఎక్కడ అన్నావు?"

"ఆ ఎక్కుడు మీద."

"అప్పటికి నేను గెలిచేశాను కదా. గెలిచి, ఊరికే పరుగెత్తుతున్నాను."

ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను మొదటిసారి చూశాను. ఆమె ఆయనను ఓదార్చలేదు. పిల్లిని దింపి, పళ్ళేలు సర్దింది. పిల్లలు ఆకలితో వస్తారు కదా అంది.

మర్నాడు కోచ్ మేనేజరుకు ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాడు. అవతల ఆయన గట్టిగా నవ్వడం మా అందరికీ వినపడింది. నీ పిల్లలు ఎందుకంత గట్టివాళ్ళో ఇప్పుడు తెలిసింది, ఆ రాళ్ళు మాత్రం కదపకు అన్నాడట. గుంపులో కొందరు పిల్లలూ అదే అన్నారు. ఆ రాళ్ళ వల్లే కదా మనకీ పేరు వచ్చింది, అవి అలాగే ఉండనీ అని. కోచ్ పలుగు చేతికి తీసుకున్నాడు. "గట్టిపడినవాళ్ళను చూసి మాట్లాడుతున్నారు. విరిగినవాళ్ళు మీకు అన్నం పెడుతున్నారు," అన్నాడు. సాయంత్రానికి పది రాళ్ళూ సుద్దగీతల దగ్గరికి వచ్చాయి.

అదే రోజు జెమేలికి చీటీ రాసిచ్చాడు. డిసెంబరు పందేనికి పద్నాలుగు వారాలున్నాయి. ఆమె చీటీ మడిచి దాచుకుని రెండు రోజులు ఎప్పటిలాగే వంట చేసింది. ఎనిమిది నెలలుగా పరుగు లేదు. వయసు ఇరవై ఆరు. ఈసారి పరుగెత్తి ముప్పై నాలుగు దాటితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఇన్నాళ్ళూ తప్పు రాళ్ళది. ఇక మీదట తనదే అవుతుంది. మేనేజరు ముగ్గురినే తీసుకెళతాడు.

యెగోను అడిగింది, బిడ్డ కోసం ఇంకో ఏడాది ఆగుదామా అని. అతను బండి గొలుసుకు నూనె వేస్తున్నాడు. "నా బండి దీపం ముందు పరుగెత్తేవాళ్ళు లేక దారంతా బోసిపోయింది. ఆగుదాం," అన్నాడు. జెమేలి అసలు భయపడింది అత్తగారికి. ఆమె అంతా విని చేతిలో పని పక్కన పెట్టింది. "ఆ మాస్టరు రాళ్ళు పాతింది రోడ్డు మీద కాదు, నా కొడుకు ఇంట్లో," అంది. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే మావైపు పరుగెత్తేవాళ్ళకు బలానికి ఇచ్చే, బూడిద కలిపిన పులిసిన పాలు సొరబుర్రలో తెచ్చి గుమ్మంలో పెట్టడం మొదలుపెట్టింది. లోపలికి మాత్రం రాలేదు.

మొదటి నెల మెల్లగా పరుగెత్తింది, ఎముక ఏమంటుందో వింటూ. రెండో నెల మంగళవారాలు మొదలయ్యాయి. గురువారం కొత్త రాళ్ళ మధ్య మూడున్నర నిమిషాల చొప్పున ఎనిమిది పూర్తిచేసి, పక్కకు వంగి ఊపిరి కోసం చూసుకుంటే ఊపిరి అక్కడే ఉంది.  ఇంత తేలికగా ఉండాల్సిందా అని నన్ను అడిగింది.  ఐదేళ్ళ గురువారాలు ఆమె కళ్ళ ముందు తిరిగి ఉంటాయి.

కష్టం కోచ్‌తో వచ్చింది. ఆయన నోరు పడిపోయింది. అంకెలు అరవడం మానేశాడు. ఎవరైనా మెల్లగా వస్తే తల పక్కకు తిప్పుకునేవాడు. మూడో నెల మధ్యలో ఒక గురువారం జెమేలి ఆరో రాయి దగ్గర ఆగిపోయింది.

"తిట్టు కోచ్," అంది.

"ఏమని తిట్టను?"

"ఏదో ఒకటి. నువ్వు తిట్టకపోతే నేనెక్కడున్నానో నాకు తెలియడం లేదు."

ఆయన గొంతు సర్దుకున్నాడు. "మోచేతులు దగ్గరికి పెట్టు. కోడి రెక్కలు ఆరబెట్టుకున్నట్టు ఏమిటది," అన్నాడు, మర్యాదగా. జెమేలి నవ్వి కదిలింది. ఆ గురువారం మిగతా రెండు రాళ్ళూ ఆయన తిట్లు కొంచెం కొంచెంగా గట్టిపడ్డాయి.

డిసెంబరు పందెం రోజున ఎల్డొరెట్‌లో పొద్దున్న చలిగా, గాలి లేకుండా ఉంది. నలభై మంది ఆడవాళ్ళు. కొలిచిన రోడ్డు, కిలోమీటరుకొక బోర్డు, బోర్డు పక్కన గడియారం. యెగో బండి మీద కోచ్, ఆయన వెనక నేను. పక్క సందుల్లోంచి తిరిగి మొదటి బోర్డు దగ్గర ఆగాం.

జెమేలి ఆరో ఏడో స్థానంలో వచ్చింది. భుజాలు వదులుగా, మొహం ప్రశాంతంగా. తల తిప్పి బోర్డు పక్క గడియారం చూసింది. మూడు నిమిషాల పదకొండు సెకన్లు. ఆమె మొహం చెదిరిపోవడం నాకు స్పష్టంగా కనపడింది. పాత రాళ్ళ మీద ఆ అడుగు వేగానికి మూడూ ఇరవై వచ్చేది. ఆమె శరీరానికి తెలిసింది అదే. పదకొండు అంటే చావు అని ఐదేళ్ళు నేర్చుకుంది. మడమలు ఆనించి వేగం తగ్గించేసింది, బెదిరిన ఆవు గట్టు దగ్గర ఆగిపోయినట్టు. ఒక్కొక్కరే ఆమెను దాటారు.

కోచ్ బండి మీద నుంచి లేచి నిలబడ్డాడు. "ఎందుకు ఆగుతోంది? కాలా?"

"కాలు కాదు. గడియారం చూసింది," అన్నాను.

ఆయనకు అర్థమయింది. ఆ క్షణంలో ఆయన మొహం నేను మరిచిపోలేను. రాళ్ళయితే పీకి పాతగలిగాడు.

రెండో కిలోమీటరు, మూడోది, ఒక్కోటి మూడూ ఇరవై తొమ్మిది. నాలుగు, ఐదు కొంచెం నయం. సగం దూరంలో ఆమె తొమ్మిదో స్థానంలో, పదహారు యాభై ఒకటితో ఉంది. ముప్పై నాలుగు లోపే, కానీ తొమ్మిదో మనిషిని ఎవరూ తీసుకెళ్ళరు. కోచ్ బండి దిగి రోడ్డు అంచుకు పరుగెత్తాడు, అరవై ఏళ్ళ మోకాళ్ళతో. ఆమె పక్కనే పాతిక అడుగులు పరుగెత్తి, జనమంతా తిరిగి చూసేలా అరిచాడు.

"గడియారం చూడకే! అది నీకు కొత్త భాష. ముందున్న ఆ పసుపు చొక్కా వీపు చూడు. ఆ వీపు నీది. పో!"

మోకాలు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. జెమేలి పోయింది. ఆరో బోర్డు దగ్గర తల తిప్పలేదు. పసుపు చొక్కాను ఏడో బోర్డు ముందు దాటింది. మేం సందుల్లోంచి అడ్డంగా వెళ్ళి ముగింపు దగ్గరికి చేరేసరికి ముందు ఇద్దరు వచ్చేశారు. మూడో మనిషి కోసం జనం మెడలు సాచి చూస్తున్నారు. మలుపు తిరిగి వచ్చింది జెమేలి, వెనక ఇద్దరిని నాలుగడుగుల దూరంలో పెట్టుకుని. గీత దాటాక కూడా ఆగలేదు. ఇంకా ఎక్కుడు ఉన్నట్టు ముందుకు పోతూనే ఉంది. యెగో అడ్డం వెళ్ళి రెండు చేతులతో పట్టుకున్నాడు.

ముప్పై మూడు నిమిషాల నాలుగు సెకన్లు. మూడో స్థానం.

మేనేజరు వచ్చి చెయ్యి కలిపి, ఏప్రిల్‌లో మొదటి పందెం, కాగితాలు సిద్ధం చేసుకో అన్నాడు. ఇన్నేళ్ళు ఎక్కడున్నావు అని కూడా నవ్వుతూ అడిగాడు. జెమేలి ఆయన మాట విననట్టు రోడ్డు వైపు చూస్తోంది. కోచ్ కుంటుకుంటూ వచ్చి రెండడుగుల దూరంలో ఆగాడు. అభినందించే హక్కు తనకు ఉందో లేదో తేల్చుకోలేక టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు.

"ఇది పదేనా?" అని నన్ను అడిగింది.

పదే అన్నాను. పందెం వాళ్ళు కొలిచారు, కాగితం ఉంది అన్నాను. ఆమె కళ్ళు నమ్మలేదు. పక్కన నిలబడిన పోలీసును అడిగింది. అతనూ పదే అన్నాడు. అప్పుడు యెగో వైపు తిరిగి, బండి తియ్యి అంది.

ఒంటి మీద చెమట ఆరకుండానే వెనక ఎక్కి కూర్చుంది. యెగో మీటరు మీద అంకె చూసుకుని, నాకూ చూపించి, బయలుదేరాడు. రోడ్డు అప్పటికే వదిలేశారు. బండ్లు, గొర్రెలు, బడి పిల్లలు. ముగింపు దగ్గర కమ్మీలు విప్పుతున్నారు. నేనూ కోచ్ గట్టు మీద కూర్చున్నాం. ఆయన ఒక్కసారి కూడా వాళ్ళు వెళ్ళిన వైపు చూడలేదు. మోకాలి మీద గుడ్డ కట్టుకుంటూ, ముడి వేస్తూ, విప్పుతూ ఉన్నాడు. ముప్పావు గంట గడిచింది. ఆ ముప్పావు గంటలో నాకూ అనుమానం పట్టుకుంది. ఒకసారి నేల కదిలాక ఏ రాయి నిలబడుతుంది అనిపించింది.

బండి దారి మొదలు దాకా వెళ్ళి, అక్కడి నుంచి బోర్డు బోర్డుకూ మెల్లగా తిరిగి వచ్చింది. జెమేలి దిగింది. మేనేజరు చెప్పినప్పుడు లేనిది ఇప్పుడు ఆమె మొహంలో మెల్లగా పైకి వస్తోంది. నన్నూ యెగోనూ దాటి నేరుగా కోచ్ ముందుకు వెళ్ళి నిలబడింది.

"పది, కోచ్," అంది. "పూర్తిగా పది."

ఆయన తల ఊపాడు. ఆమె ఆయన పక్కనే గట్టు మీద కూర్చుని, బూట్ల తాళ్ళు విప్పుకుని, ఇంటి నుంచి తెచ్చిన చాయ్ ఫ్లాస్కు ఏదని అడిగింది.